ఉద్యాపన లేని నోము

పథ్యం అనే మాట వినగానే మన ఇళ్లలో ఎవరికైనా ఏమి జ్ఞాపకం వస్తుంది? ఉప్పూ కారం తగ్గించిన చారు, మెత్తగా ఉడికించిన పాతబియ్యపు అన్నం, నాలుగు రోజులు నోరు కట్టుకొని మంచం మీద కూర్చోవడం. అయిదో రోజున అమ్మ తలకు నీళ్లు పోసి, "ఇంక అన్నీ తినొచ్చు" అని అనుజ్ఞ ఇవ్వడం. అంటే మన వాడుకలో పథ్యానికి మొదలూ ఉన్నది, తుదీ ఉన్నది. జ్వరంతోపాటు వస్తుంది, జ్వరంతోపాటు పోతుంది.

మాట పుట్టుక చూస్తే సంగతి వేరు. పథం అంటే దారి. దారి తప్పనిది పథ్యమని పాణిని అర్థం చెప్పాడు. దారికి అయిదో రోజున తుది లేదు. నడిచే మనిషి ఉన్నంతకాలం అదీ ఉంటుంది. చక్కెర జబ్బు విషయంలో మన చిక్కులు చాలావరకు ఈ రెండర్థాల నడుమనే పుడుతున్నవని నాకు తోస్తుంది. డాక్టరుగారు రెండో అర్థంలో చెబుతారు. మనం మొదటి అర్థంలో వింటాము.

నా కాపురం నంద్యాలలో, ఉద్యోగం ఆళ్లగడ్డలో. శిరివెళ్ల మీదుగా సుమారు 40 కిలోమీటర్ల దారి. ఆ దారిన రోజూ బస్సులో పోయేవాళ్లకు వానల సంగతి, శనగల ధర, రాజకీయాలు అయిపోయిన తరువాత మిగిలే ముచ్చట ఒక్కటే - షుగరు. మొన్న నా ముందు సీటులో ఇద్దరు పెద్దమనుషులు మాట్లాడుకుంటున్నారు.

"ఏం సారూ, షుగరు దిగిందంట గదా?"

"దిగిందప్పా. పరగడుపున నూటపదికి వచ్చింది. అందుకే మాత్రలు నిలిపేసినా."

"మంచి పని చేసినావు. ఎన్నాళ్లని మింగుతాము?"

వినడానికి సబబుగానే ఉన్నది. కాని వాన కురుస్తూ ఉండగా, "నేను తడవడం లేదు గదా, ఇంక గొడుగు దేనికి?" అని గొడుగు మూసిన మనిషిని చూస్తే మనం నవ్వమా? నూటపది రావడానికి కారణం ఆ మాత్రలే, ఆ నడకే, ఆ భోజనమే. వాటిని మానితే కొన్ని వారాలలో అంకె మళ్లీ ఎక్కి కూర్చుంటుంది. బరువు బాగా తగ్గించుకొని మందులు లేకుండా నెట్టుకువచ్చేవారు కొందరు లేకపోలేదు. వారిలోనూ మందు మానే నిర్ణయం డాక్టరుది కావాలి. తరువాత కూడా పరీక్షలు మానకూడదు. వాన వెలిసిందో లేదో చెప్పవలసింది గొడుగు పట్టుకున్న మనిషి కాదు.

ఇంతకూ ఈ జబ్బు లోపల ఏమి జరుగుతుంది? నేను తెలుగు చెప్పే మేష్టరును, వైద్యుణ్ణి కాను. అందరికీ తెలియవలసినంతవరకు మాత్రం మనవి చేస్తాను. మనం తిన్న అన్నమైనా, రొట్టె అయినా, భక్ష్యమైనా చివరకు గ్లూకోజు అనే చక్కెరగా మారి నెత్తురులోకి వస్తుంది. దానిని కండరాలలోకి పంపడానికి క్లోమగ్రంథి ఇన్సులిన్ అనే రసాన్ని తయారు చేస్తుంది. ఇన్సులిన్ తాళంచెవి అనుకోండి. పెద్దవాళ్లలో సాధారణంగా వచ్చే రకంలో ముందు తాళానికి తుప్పు పడుతుంది. ఎన్ని చెవులు పెట్టినా సులువుగా తెరుచుకోదు. పోనుపోను చెవులు తయారుచేసే గ్రంథి కూడా అలసిపోతుంది. లోపలికి పోలేని చక్కెర నెత్తురులో తిరుగుతూ కళ్లను, మూత్రపిండాలను, నరాలను, గుండెను మెల్లగా పాడు చేస్తుంది. చిన్నపిల్లలలో తరచు కనబడేది మరొక రకం. వారికి చెవులే ఉండవు. వారికి ఇన్సులిన్ సూది తప్ప గతి లేదు. దానిని ఒక్క రోజు మానినా ప్రమాదమే.

మన పూర్వులకు ఈ రెండు రకాల జాడ తెలుసు. సుశ్రుతుడు ప్రమేహాన్ని రెండుగా చెప్పాడు: పుట్టుకతో వచ్చేది ఒకటి, అపథ్యం వల్ల వచ్చేది ఒకటి. చూడండి, ఇక్కడ మళ్లీ మన మాటే!

పరగడుపున చూసినప్పుడు డెసిలీటరు నెత్తురులో చక్కెర 100 మిల్లీగ్రాములకు లోపు ఉంటే క్షేమం. 100 నుంచి 125 వరకు ఉంటే జబ్బు గడపలో నిలబడి ఉన్నట్టు. 126, ఆపైన ఉంటే లోపలికి వచ్చినట్టు. పైకి లక్షణాలేమీ లేకపోతే మరొకసారి పరీక్ష చేసి నిర్ధారిస్తారు. మూడు నెలల లెక్క చెప్పే పరీక్ష మరొకటి ఉన్నది. దాని పేరు హెచ్‌బి ఎ-వన్-సి. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. అన్ని రోజులూ అది ఎంత చక్కెరలో నానిందో ఈ పరీక్ష పట్టి ఇస్తుంది. 6.5 శాతం, ఆపైన ఉంటే జబ్బు ఉన్నట్టు. జబ్బు ఉన్నవారు చాలామంది దానిని 7 లోపు ఉంచుకోవాలంటారు. వృద్ధులకు కొంత సడలింపు ఉంటుంది. పరీక్షకు వెళ్లే ముందు రెండు రోజులు ఉపవాసం చేసి మంచి మార్కులు తెచ్చుకునే విద్యార్థులు మనలో కొందరున్నారు. ఈ పరీక్ష దగ్గర వారి చదువు సాగదు.

ఇది ఏ కొద్దిమంది గొడవో కాదు. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా జరిపించిన సర్వే 2023లో వెలువడింది. దాని ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా ఈ జబ్బు ఉన్నది. గడపలో నిలబడినవారు మరి 13 కోట్ల పైచిలుకు. అంచేత ముప్పయి దాటిన ప్రతివారూ లక్షణాల కోసం ఎదురుచూడకుండా పరీక్ష చేయించుకోవడం మంచిది. అమ్మకో నాన్నకో జబ్బు ఉన్నవారికి, కాన్పు సమయంలో చక్కెర వచ్చి పోయిన తల్లులకు ఇది మరీ అవసరం.

ఇక భోజనం దగ్గరకు వద్దాం. జబ్బు తెలిసిన రోజున మన ఇళ్లలో జరిగే మొదటి పని చక్కెర డబ్బాను అటక మీదికి ఎక్కించడం. మంచిదే. కాని దొంగ అక్కడ ఒక్కచోటే లేడు. చెంచాడు చక్కెర లేని టీ తాగి, ఆ ధైర్యంతో కంచం నిండా అన్నం, దాని మీద మారు అన్నం, చివర మజ్జిగన్నం తిన్నామంటే డబ్బాను అటకెక్కించి బస్తాను వంటింట్లో ఉంచుకున్నట్టే. మన దేశంలో తిండివల్ల వచ్చే శక్తిలో సుమారు 62 శాతం పిండిపదార్థాలదేనని అదే మండలి సర్వేలో తేలి, 2025లో ప్రకటించారు.

బెల్లం దేశవాళీ సరుకు, తేనె స్వచ్ఛమైనది అని కొందరు వాటిని ఆశ్రయిస్తారు. నాలుకకు తేడా తెలుస్తుంది గాని నెత్తురుకు తెలియదు. రాగిసంగటి తింటే షుగరు రాదని మరికొందరి నమ్మకం. సంగటి మంచిదే, కాని అందులో సగం బియ్యమే. ముద్ద చిన్నదైతే మేలు. రెండు ముద్దలు మింగితే అదీ అన్నమే. పొద్దున్నే ఉగ్గాణి, బజ్జీల సంగతి చెప్పనక్కరలేదు. బొరుగులు తేలికగా ఉంటాయి గనుక తేలిక తిండి అనుకుంటాము. కడుపుకు తేలికే, చక్కెర ఎక్కడానికీ తేలికే.

ఈ సీమకు బియ్యం ఇంతగా ఎప్పుడు అలవాటయింది? 1860 దశకంలో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వడం మొదలుపెట్టిన కర్నూలు-కడప కాలువ వచ్చాక దాని కింద వరి పెరిగింది. బాపట్లలో పుట్టిన బి.పి.టి. 5204 రకం ఇక్కడి నేలలో పండి ‘కర్నూలు సోనా’ అని దూరదేశాలలో పేరు తెచ్చుకున్నది. అది మనకు గర్వకారణమే. కాని అంతకుముందు ఈ మెట్ట నేలల్లో కొర్ర, జొన్న, సజ్జ ముఖ్యమైన తిండి. మన నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం 1906లో మొదలైంది. అక్కడి శాస్త్రజ్ఞులు కొర్రలో మంచి రకాలు తీశారు. ఒక దానికి నవనందులలో ఒకటైన సూర్యనంది పేరు పెట్టారు. మరొక దానికి ఈ ప్రాంతపు ప్రాచీన నామం రేనాడు అని పెట్టారు. ఊరిబయట పుట్టిన ఈ ధాన్యాన్ని పట్నపు కొట్లలో రంగు సంచిలో చూస్తే తప్ప మనకు గౌరవం కలగకపోవడం విచిత్రం!

కొర్రన్నంలో పీచు ఎక్కువ, తెల్లన్నంకంటె మెల్లగా అరుగుతుంది. అయితే కొర్ర అమృతమూ కాదు, మందూ కాదు. బాగా మరపట్టి పైతొక్క పోగొట్టినది తింటే లాభం తగ్గుతుంది. మూడు కంచాలు తింటే లాభమే పోతుంది. ఏ ధాన్యమైనా లెక్క ఒక్కటే: కంచంలో సగం కూరలు, ఆకుకూరలు, నాలుగో వంతు పప్పో, గుడ్డో, చేపో, పెరుగో, మిగిలిన నాలుగో వంతు మాత్రమే అన్నమో, రొట్టో. గోంగూర పప్పు, చిక్కుడుకాయ, బీరకాయ, జొన్నరొట్టె - ఇవేవీ పరాయివి కావు. మహానంది అరటిపండు సగం తిని సంతోషించవచ్చు. గెల ముందు కూర్చోకూడదు. పండుగనాడు ఒక భక్ష్యం తింటే ఆ పూట అన్నం తగ్గించాలి. అంతేగాని పండుగనాడు కంట నీరు పెట్టుకోవలసిన పని లేదు.

ఇక్కడ ఇంటివారికి ఒక మాట. మన మర్యాద ఈ జబ్బుకు పెద్ద చుట్టం. "ఒక రవ్వ తిను, ఏం కాదులే" అని చేతిలో పెట్టే మైసూరుపాకులో ప్రేమ ఉన్నమాట నిజమే. కాని రోజుకు ముగ్గురు ప్రేమించినా ఆ మనిషి ఏమవుతాడు? మరొకటి - ఇంటి యజమానికి షుగరు వస్తే ఇల్లంతా కదులుతుంది. ఆయనకు వేరే రొట్టెలు, వేరే కూర, వేళకు మాత్ర, పక్కన మంచినీళ్లు. ఇల్లాలికి వస్తే? మా వీధిలో ఇద్దరమ్మల సంభాషణ వినండి:

"వదినా, నీకూ షుగరున్నట్టే గదా, నువ్వేం తింటున్నావు?"

"నాదేముందిలేమ్మా, అందరూ తినగా మిగిలింది తింటా. అంత అన్నం పారేస్తామా?"

ఆ మాటలో ఎంత ప్రమాదమున్నదో చూడండి. మధ్యాహ్నం మూడింటికి ఆకలితో మిగిలిన అన్నమంతా ఒక్కసారిగా తినడం, పిల్లల పనిలో పడి మాత్ర మరచిపోవడం, "ఈ నెల ఆయన పరీక్షకు అయింది, నాది వచ్చే నెల చూద్దాం" అనుకోవడం. ఇది త్యాగమని మనం కథలు రాసుకుంటాము. ఆమె కంటిచూపు మందగించిన నాడు ఆ త్యాగం విలువ ఇల్లంతటికీ తెలిసివస్తుంది. మందు ఇది: ఆయనకు ఒక వంట, పిల్లలకు ఒక వంట, ఆమెకు మిగిలినది అనే పద్ధతి మానేసి ఇంటికంతటికీ ఒక్కటే మంచి వంట చేయడం, ఆమె కూడా అందరితో కలిసి వేళకు కూర్చోవడం. ఎలాగూ తల్లిదండ్రులకు జబ్బు ఉన్న ఇంట్లో పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. ఆ వంట వాళ్లకూ రక్షణే.

నడక విషయం. వారానికి 150 నిమిషాలు, అంటే అయిదు రోజులు రోజుకు అరగంట చురుగ్గా నడవాలంటారు. భోజనం చేసిన తరువాత పది పదిహేను నిమిషాలు నడిస్తే మరీ మంచిది. తిన్న చక్కెరను కండరాలు అప్పటికప్పుడు వాడుకుంటాయి. సుశ్రుతుడు బీదవాడైన రోగికి చెప్పిన చికిత్స వింటే మీరు ఆశ్చర్యపోతారు: ఊరికొక రాత్రి చొప్పున ఉంటూ, భిక్షమెత్తుకొని తింటూ, నూరు యోజనాలు నడవమన్నాడు! నడక విషయంలో ఆయనకు నమస్కారం. కాని చెప్పులూ గొడుగూ లేకుండా నడవమన్నాడు. అక్కడ మాత్రం నేటి వైద్యులు ఆయనతో ఏకీభవించరు.

ఎందుకంటే ఈ జబ్బు పాతబడితే పాదాలలోని నరాలు మొద్దుబారతాయి. ముల్లు గుచ్చుకున్నా, రాయి కాలినా తెలియదు. మన ప్రాంతంలో ఇది చిన్న సంగతి కాదు. ఆళ్లగడ్డ నుంచి అహోబిలం దగ్గర. ఎగువ అహోబిలం చేరి అడవి దారిలో జ్వాలా నరసింహస్వామి దర్శనానికి వట్టికాళ్లతో ఎక్కే భక్తులు ఎందరో. ఆరోగ్యవంతుడికి కాలు మండితే తీసి పక్కన పెడతాడు. నరాలు మొద్దుబారినవాడికి కాలు మండదు. బొబ్బ మాత్రం లేస్తుంది. బొబ్బ పుండవుతుంది; పుండుకు చక్కెర ఎరువవుతుంది. పది రోజుల తరువాత వాసన వస్తే గాని ఇంట్లో తెలియదు. వేలితో పోవలసినది పాదం దాకా, పాదంతో పోవలసినది మోకాలి దాకా పోయిన సంసారాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నవి. చెప్పులు ఎంతవరకు అనుమతిస్తారో అంతవరకు వేసుకొని, ఆపైన మందపాటి మేజోళ్లతో, ఎండ ఎక్కకముందే వెళితే స్వామి కోపగించడు. కొండ దిగిన తరువాత పాదాలు చూసుకోవడం మరచిపోకూడదు.

నిజానికి రోజూ రాత్రి పడుకునేముందు రెండు నిమిషాలు పాదాలకు ఇవ్వాలి. కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడిచి, అరికాలు చూసుకోవాలి. వంగలేనివారు కింద అద్దం పెట్టుకోవచ్చు. మనమడి చేత చూపించుకోవచ్చు. ఆనెలు బ్లేడుతో కోసుకోవడం, తిమ్మిరికి వేడినీళ్ల కాపడం పెట్టుకోవడం కూడదు. చిన్న పుండైనా సరే, ఆకుపసరు పెట్టి వారం చూద్దామనుకోకుండా మరునాడే ఆసుపత్రికి వెళ్లాలి.

ఉపవాసాల సంగతి కూడా చెప్పాలి. కార్తిక సోమవారాలు, శనివారాలు, రంజాను - మన ఊళ్లలో ఉపవాసం లేని ఇల్లు అరుదు. ఇన్సులిన్ గాని, చక్కెరను బలంగా దించే కొన్ని రకాల మాత్రలు గాని వాడేవారు ఎప్పటిలాగే మందు వేసుకొని తిండి మానితే చక్కెర మరీ పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, కళ్లు తిరగడం, ఉన్నట్టుండి చిరాకు - ఇవి గుర్తులు. 70 లోపుకు దిగితే వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. పావుగంట తరువాత మళ్లీ చూసి, అప్పటికీ తగ్గకుంటే ఇంకోసారి తాగి, ఆ తరువాత ఏదైనా తినాలి. అటకెక్కిన చక్కెర డబ్బా దిగవలసిన సమయం ఇదే! తెలివి తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. నోము పట్టేవారు ముందుగా డాక్టరుతో మాట్లాడి మందు వేళలు మార్పించుకోవాలి. ఉపవాసం ఆపవలసివస్తే ఆపడం అపచారం కాదు.

ఇన్సులిన్ అంటే మనవారికి ఒక భయం: "సూది దాకా వచ్చిందంటే ఇంక అయిపోయినట్టే" అని. 1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనేవారు దీనిని కనిపెట్టకముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలను ఆకలితో మాడ్చి కొన్ని నెలలు బతికించడం తప్ప మార్గం లేదు. 1922 జనవరిలో 14 ఏళ్ల బాలుడికి మొదటి సూది పడింది. అంతటి వరాన్ని మనం శాపమనుకుంటున్నాము. ఒక్క జాగ్రత్త - అది వేడికి చెడుతుంది. మన నంద్యాల వేసవిలో కిటికీలో పెట్టిన సీసా కొద్దికాలానికే నీళ్లతో సమానం. రిఫ్రిజిరేటరులో గడ్డకట్టని చోట పెట్టాలి. అది లేని ఇంట్లో తడి ఇసుక పోసిన కుండలో, మరొక చిన్న కుండ పెట్టి, అందులో నీడపట్టున ఉంచవచ్చు.

ఇవి గాక ఏడాదికి ఒకసారి కంటిపాప పెద్దదిచేసి కంటి పరీక్ష, మూత్రపిండాలకోసం నెత్తురు, మూత్ర పరీక్షలు, పాదాల పరీక్ష చేయించాలి. రక్తపోటు, కొలెస్టరాలు కూడా చూపించుకోవాలి. పొగ తాగేవారు అది మానాలి. ఉగాది పంచాంగం కొన్ననాడే ఈ పరీక్షల తేదీలు దాని అట్ట మీద రాసుకుంటే మరుపు ఉండదు. ఊరిలోని ఆరోగ్య కేంద్రంలో చక్కెర, రక్తపోటు చూస్తారు. 2023లో నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా మొదలైంది. పెద్ద పరీక్షలకోసం ప్రతిదానికీ కర్నూలుకో హైదరాబాదుకో పరుగెత్తనక్కరలేదు.

మన నోములన్నింటికీ ఉద్యాపన ఉన్నది. ఇన్ని వారాలు చేసి, ఇంతమంది ముత్తయిదువలకు వాయనమిచ్చి, ఇంక చాలించవచ్చు. చక్కెర జబ్బు మాత్రం ఉద్యాపన లేని నోము. అయితే దీనికి మడి లేదు, తంబులం లేదు, కటిక ఉపవాసం అంతకన్నా లేదు. వేళకు మాత్ర, కొలతకు కంచం, భోజనానంతరం నాలుగడుగులు, రాత్రి పాదాల మీద ఒక చూపు - ఇంతే దీని విధానం. ఒక్కరు పట్టి ఇంటిల్లిపాదీ కలిసి చేస్తే ఇది సులువు. ఒంటరిగా చేస్తే బరువు. దీనికి వాయనం కూడా చివర ఎవరో ఇచ్చేది కాదు. మనమరాలి పెళ్లి పత్రిక కళ్లజోడు పెట్టుకొని మనమే చదవగలగడం, ఆ పెళ్లిపందిట్లోకి మన కాళ్ల మీద మనమే నడిచి వెళ్లడం - అదీ ఆ వాయనం.